డ్రై అంటే ఆరిందా, ఎండిందా?

ఇంగ్లీషులో బట్టకూ, బావికీ, చెనక్కాయకూ ఒకటే మాట: డ్రై. మనకు రెండున్నాయి. పైతడి పోతే ఆరడం. లోపలి నీరు పోతే ఎండడం. ఉతికిన చీర ఆరుతుంది, గోడకు వేసిన రంగు ఆరుతుంది. చెరువు ఎండుతుంది, మిరపకాయ ఎండుతుంది. మాటలు తారుమారైతే అర్థం మారుతుంది: "చేను ఆరింది" అంటే దున్నడానికి పదునుకొచ్చిందని, "చేను ఎండింది" అంటే పంట పోయిందని.

అనంతపురం రైతుకు ఈ తేడా డబ్బుతో సమానం. పీకిన చెనక్కాయలో తేమ 35 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. రెండు రోజుల్లో పొట్టు ఆరి తెల్లబడుతుంది, లోపల గింజ మాత్రం పచ్చిగానే ఉంటుంది. అప్పుడే మూటగడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. తేమ 8 శాతానికి దిగాలి. కాయ ఊపితే గింజ గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పైపొర ఊడిరావాలి. అదీ ఎండడం. విత్తనానికి ఉంచుకునే కాయనైతే మండుటెండలో పోస్తే మొలక దెబ్బతింటుంది, కాబట్టి నీడలో ఆరబెట్టాలి. అక్కడ మళ్లీ "ఆర" మాటే సరైనది.

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వినే "ఆరుతడి పంట" కూడా ఇదే కుదురు: ఒక తడి ఆరాక ఇంకో తడి. దాన్ని "ఎండుతడి" అని ఎవరూ అనరు.

డ్రై కాఫ్ మాత్రం ఈ రెండింటికీ చెందదు, అది పొడి దగ్గు. డ్రై ల్యాండ్ మెట్ట.