ఆర్‌ఎక్స్ 100 అమ్మి పాత జీపు కట్టించాలా, బండే ఉంచుకోవాలా?

ఇంట్లో మంచి కండిషన్‌లో యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఉంది, మనసేమో పాత మహీంద్రా జీపు కొని బాగుచేయించి కట్టించడం మీద ఉంది, డబ్బుకి దారి బండి అమ్మడం ఒక్కటే.

డబ్బు: బండి ఒక్కసారే ఇస్తుంది. జీపు తింటూనే ఉంటుంది. కొనేముందు ఫ్లోర్ మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, రేకులోకి దిగిందంటే తుప్పు ఎంతదాకా పోయిందో పెయింట్ గీకేదాకా మేస్త్రీ కూడా చెప్పలేడు.

శ్రమ: బండికి కార్బొరేటర్ శుభ్రం చేసి, టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి వాడే ఆయిల్) చూసుకుంటే చాలు. జీపుకి నెలల తరబడి షెడ్డు చుట్టూ తిరగాలి.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. జీపు కట్టించేటప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మన ఇష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజిన్ మారిస్తే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, అది ఆర్‌సీలో ఎక్కాలి. ఇటు ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, మొదటి కిక్కుకే అందుకునే బండిని ఒకసారి వదులుకుంటే మళ్లీ దొరకడం కష్టం.

జీపు కాగితాలు సరిగ్గా ఉండి, నమ్మకమైన మేస్త్రీ దొరికి, బండి ఏడాదికి రెండుసార్లు కూడా బయటికి తీయకపోతే అమ్మేయండి. అది నాన్నగారి బండి అయినా, ఆ డబ్బు తప్ప చేతిలో ఇంకేమీ లేకపోయినా అమ్మొద్దు, సగంలో ఆగిన జీపు వానకి తడుస్తుంటే చూడలేం.