తెర మీద తెర: ఎన్‌వీడీఏతో మూడేళ్లు

ఎన్‌వీడీఏ ఉచితమని, విండోస్‌లో నడుస్తుందని, తెర మీది రాతను చదివి వినిపిస్తుందని తెలియనివాళ్లు ఇది చదవరు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. చాలామంది సెట్టింగుల్లో చూసి కూడా దాటిపోయే ఒక్క దాని గురించే నా గోల: స్క్రీన్ కర్టెన్. ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరంతా నల్లబడిపోతుంది, గొంతు మాత్రం ఆగదు. చూపులేనివాళ్లు నలుగురిలో కూర్చుని పనిచేసుకుంటుంటే పక్కవాళ్లు తొంగిచూడకుండా పెట్టిన ఏర్పాటది. నాకు చూపుంది, వెబ్‌సైట్లు కట్టడం నా పని. నాకెందుకులే అని రెండేళ్లు దాని జోలికే పోలేదు.

ఆ రెండేళ్లూ కళ్లు తెరుచుకునే పరీక్షించేవాణ్ణి. హెచ్ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతడం, ఇన్సర్ట్ ఎఫ్7తో లింకులన్నీ జాబితాగా చూడడం. నా పేజీలోనే ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకులు పదకొండు వరసగా కనిపించిన రోజు సిగ్గేసింది. అవి దిద్దాను. తెలుగు పేజీకి భాష ఇంగ్లిష్ అని రాసి వదిలేశానని, అందుకే ఈస్పీక్ (ఎన్‌వీడీఏకి గొంతునిచ్చే పనిముట్టు) తెలుగు గొంతు వదిలి ఇంగ్లిష్ గొంతుకు మారి ఏదేదో గొణుగుతోందని కూడా అప్పుడే తెలిసింది. ‘రెండు రోజులు కూర్చుంటే ఎవరికైనా వచ్చేస్తుంది’ అని కనిపించినవాళ్లకల్లా చెప్పేవాణ్ణి.

తర్వాత ఒక నమోదు ఫారం కట్టాను. ఆటోమేటిక్ తనిఖీ పనిముట్టు ఒక్క తప్పూ చూపలేదు. ఎన్‌వీడీఏతో నేనూ మొదటి నుంచి చివరిదాకా నింపి చూశాను. అంతా సవ్యంగానే ఉంది. వారం తిరక్కుండా ఒకాయన ఫోన్ చేశారు, చూపు లేదు ఆయనకి. “బటన్ నొక్కుతున్నానండీ. నొక్కినట్టే ఉంది. తర్వాత ఏమీ చెప్పడం లేదు. వెళ్లిందా, వెళ్లలేదా?”

ఆయన అప్పటికి నాలుగుసార్లు నొక్కారట.

జరిగిందేమిటంటే, ఏదో గడి తప్పుగా నింపితే ఫారం పైన ఎర్రగా ఒక వాక్యం వస్తుంది, గడి అంచు ఎర్రబడుతుంది. అంతే. ఫోకస్, అంటే కీబోర్డు ఆ క్షణంలో పనిచేసే చోటు, బటన్ మీదే ఉండిపోతుంది, ఎన్‌వీడీఏకి ఆ వాక్యం వచ్చిన కబురే అందదు. మరి నేను పరీక్షించినప్పుడు? అప్పుడూ అది మౌనంగానే ఉంది. ఎరుపు నా కంటికి కనబడింది, కాబట్టి చెవి పట్టించుకోలేదు. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకీ అందేలా ఎలా కట్టాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.1 కూర్పులో, 2018 నుంచి, ఇలాంటి కబుర్లు ఫోకస్ కదపకుండానే వినబడాలని 4.1.3 నియమం ఉంది. చదివాను కూడా.

ఆ రాత్రి మొదటిసారి కర్టెన్ వేశాను. నా ఫారంలో నేనే దారి తప్పాను. బటన్ నొక్కాక వచ్చిన ఆ నిశ్శబ్దం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. సందేశానికి అలర్ట్ రోల్ (రాగానే చదివి వినిపించమని కోడ్‌లో పెట్టే గుర్తు) ఇచ్చి, ఫోకస్‌ని తప్పున్న మొదటి గడికి పంపి, తప్పేమిటో ఆ గడి పేరుతో పాటే చదివేలా కట్టాను. పని గంటన్నర. అప్పట్నుంచి కర్టెన్ వేయకుండా ఏ ఫారమూ బయటికి పంపలేదు. (ఒకసారి వేసి మరిచిపోయి టీకి లేచాను. మానిటర్ పోయిందనుకుని మా వాళ్లు కేబుళ్లన్నీ పీకి పెట్టారు.)

‘రెండు రోజులు’ అన్నానే, అది కళ్లున్న లెక్క. తెర నల్లగా ఉన్నా పేజీ నక్షా నా బుర్రలో ఉంటుంది, ఎన్ని ట్యాబ్‌లకి బటన్ వస్తుందో వేళ్లకి తెలుసు. ఫోన్ చేసినాయనకి ఆ సౌకర్యం లేదు. అందుకే ఇప్పుడు నాది కాని పేజీనే కర్టెన్ వేసి చూస్తాను, నాది ఇంకొకరికి ఇస్తాను. అక్షరానికీ దాని వెనక రంగుకీ తేడా కావలసినంత (4.5:1) ఉందో లేదో ఈ కర్టెన్ పరీక్షకి తెలియదు. మౌస్ పట్టలేక కీబోర్డుతోనే నడిపేవాళ్లకి ఫోకస్ గీత కనబడుతోందో లేదో కూడా తెలియదు, దానికి కళ్లే కావాలి. ఫోన్‌లో చదివేవాళ్ల సంగతి వేరే. నాలా ఒక్కరే కూర్చుని విండోస్ మీద ఫారాలు కట్టేవాళ్లకైతే వాడమనే అంటాను.

తేదీ ఎంచుకునే క్యాలెండర్‌ని మాత్రం కర్టెన్ వేసుకుని నేనింకా దాటలేదు. పక్కన తేదీ టైపు చేసే మామూలు గడి ఒకటి పెట్టాను. కళ్లున్నవాళ్లు కూడా దాన్నే వాడుతున్నారు.