రెండున్నర అంగుళాల తెర మీద సినిమాస్కోప్: పన్నెండేళ్ళు వాడిన తరువాత

2012లో విశాఖపట్నంలో కొన్న ఐపాడ్ క్లాసిక్, అంటే పాటలూ సినిమాలూ నింపుకునే ఆపిల్ వారి చిన్న ప్లేయరు, ఇప్పటికీ నా సంచీలో ఉంది. అందులో ఎన్ని పాటలు పడతాయి, ధ్వని ఎలా ఉంటుంది అన్నవి అందరికీ తెలిసిన సంగతులే కాబట్టి వాటి జోలికి పోను. దాని చిన్న తెరకు వెడల్పాటి సినిమాను ఎలా సరిపెట్టుకోవాలన్న ఒక్క విషయం మీద నేను వెచ్చించిన సాయంత్రాలు లెక్కపెట్టలేనన్ని, అందుకే ఈ సమీక్ష అంతా దాని గురించే.

నా ఉద్యోగం రాయగడలో, ఇల్లు పర్లాకిమిడిలో. శనివారం సాయంత్రం గుణుపురం మీదుగా వచ్చే బస్సు ఎక్కితే ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. దారిలో కొండలు అడ్డం వచ్చిన చోటల్లా సిగ్నల్ పోతుంది కనుక, చూడదలచుకున్నది ముందే నింపి పెట్టుకోక తప్పదు. తెలుగు సినిమాలు ఒడిశాలో మా ఊళ్ళోవాళ్ళకు ఎంత అవసరమో సరిహద్దుకు అవతల ఉన్నవారికి చెప్పినా పూర్తిగా అర్థం కాదేమో. బడిలో ఒడియా చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకుని పెరిగిన నాకు ఆ బస్సులోని రెండు గంటల సినిమాయే వారమంతటికీ తెలుగు.

చిక్కు ఎక్కడంటే, ఈ పరికరపు తెర 320×240 చుక్కలది (పిక్సెళ్ళది), అంటే పాత టీవీల మాదిరి 4:3 నిష్పత్తిలో ఉంటుంది. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు 2.39 రెట్లు. ఆ బొమ్మను ఏమాత్రం కోయకుండా తెరలో పెడితే 240 వరుసల్లో 134 మాత్రమే నిండుతాయి, పైనా కిందా కలిపి మిగిలిన 106 వరుసలూ నలుపే. కొలబద్ద పెట్టి చూస్తే తెర వెడల్పు సుమారు 51 మిల్లీమీటర్లు, అందులో సినిమా ఎత్తు 21 మిల్లీమీటర్లు, అంటే దాదాపు బొటనవేలి వెడల్పు. కుదుపుల బస్సులో ఆ పట్టీలోని ముఖాలను పోల్చుకోవడం నా కళ్ళకు పెద్ద శ్రమ అయింది.

మొదటి నెలలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి పట్టి, తెరంతా నిండేటట్టు రెండు పక్కలా కోసి చూశాను. ఆ లెక్కన బొమ్మలో నూటికి 44 వంతులు పోతాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే ఇద్దరి ముక్కులూ కనబడేవి, తక్కిన ముఖం కనబడేది కాదు. ఆ పద్ధతి గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

ఆ తరువాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను నాలుగు వైపులా విడివిడిగా ఎంత కోయాలో అంకెలతో చెప్పే సౌకర్యం కనబడింది. నా మట్టుకు నాకు ఈ పన్నెండేళ్ళలో అంతటి మేలు చేసిన సౌకర్యం మరొకటి లేదు. నేను కొన్న డీవీడీల్లో ఎక్కువ వాటిలో చిత్రం 720×576గా నమోదై ఉండేది, ఆడించేటప్పుడు అది 16:9కి సాగేది, ఆ లోపల పైనా కిందా నల్ల పట్టీలు ఉండేవి. పైన 74, కింద 74 చుక్కలు కోస్తే పట్టీలు పోతాయి. ఎడమ 92, కుడి 92 కోస్తే మిగిలిన బొమ్మ దాదాపు సరిగ్గా 16:9 అవుతుంది. దాన్ని చిన్న తెర మీద వేస్తే 180 వరుసలు నిండుతాయి. పోయేది వెడల్పులో నాలుగోవంతు, దానికి బదులుగా ముఖాలు మునుపటికన్నా మూడోవంతు పెద్దవవుతాయి. ఈ 74, 74, 92, 92 అంకెలను ఒక చీటీ మీద రాసి కంప్యూటరు పక్కన అతికించుకున్నాను. డీవీడీలోని చుక్కలు చదరంగా ఉండవన్న సంగతి తెలియక మొదట్లో చేసిన రెండు మూడు చిత్రాల్లో మనుషులందరూ బక్కచిక్కి పొడుగ్గా కనిపించారు. ఆ పొరపాటును తొందరగానే దిద్దుకున్నాను.

నాలుగైదేళ్ళు ఈ పద్ధతిని అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. పేర్లు పడేటప్పుడు రెండు చివరలా అక్షరాలు తెగేవి, పాటల్లో వరుస చివర ఆడే ఇద్దరు ముగ్గురు తెరకు అందేవారు కారు. అవి లెక్కలోకి తీసుకోదగ్గ నష్టాలుగా నాకు తోచలేదు.

2017లో నాన్న పెరట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుని వారాల తరబడి మంచం మీద ఉన్నారు. ఆ గదిలో టీవీ లేదు. పెద్ద ఫోను పట్టుకుని పడుకుంటే చెయ్యి నొప్పి అనేవారు, ఈ ప్లేయరు మాత్రం అరచేతిలో ఇమిడేది, బరువూ తక్కువే. అందుకని ఆయన వయసులో ఉన్నప్పుడు చూసిన చిత్రాలు ఒక పది, నా చీటీలోని అంకెల ప్రకారమే కోసి, అందులో నింపి ఇచ్చాను. నాన్న సినిమాలను శ్రద్ధగా చూసే మనిషి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చినప్పుడు శ్రీకాకుళం వెళ్ళి చూశారట. హాలులో తెరకు రెండు వైపులా ఉన్న నల్లగుడ్డలు పక్కకు జరిగి తెర వెడల్పయిన క్షణాన్ని కథ కన్నా ఎక్కువగా చెప్పేవారు. అటువంటి మనిషికి నాలుగోవంతు కోసిన సినిమా ఇస్తున్నానన్న ఆలోచన అప్పుడు నాకు రానేలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను పక్కనే కూర్చుని ఉండగా ఆయన ప్లేయరును ఆపి, “ఎవులితోట్రా వాడు మాటాడతన్నాడు?” అని అడిగారు. తీసుకుని చూశాను. అది ఒక పాత కుటుంబ చిత్రం, అన్నదమ్ములు ఆస్తి పంచుకునే సన్నివేశం. మండువా ఇంటి హాలులో అన్న ఒక కొసన, తమ్ముడు ఇంకొక కొసన నిలబడి ఉంటారు, వాళ్ళ నడుమ తల్లి కూర్చునే ఉయ్యాలబల్ల ఖాళీగా ఉంటుంది. నేను చేసిన ప్రతిలో ఉయ్యాలబల్ల ఒక్కటే మిగిలింది. అన్న గొంతు వినిపిస్తోంది, అంచున అతని భుజం కొంత కనిపిస్తోంది. తమ్ముడు అసలే లేడు. ఆ చిత్రాన్ని నేను బస్సులో అంతకు మునుపు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆ సన్నివేశం దగ్గర ఉయ్యాలబల్లనే చూస్తూ, దర్శకుడు మనుషులను కావాలనే చూపించలేదని, అది ఎంతో గొప్పగా ఉందని అనుకున్నాను. నాన్న మాత్రం, “అవతల గోడకానుకుని తమ్ముడుండాల గదరా, ఆడి ఏడుపు చూసి హాల్లో అందరూ ఏడిసేరు” అన్నారు. నలభై ఏళ్ళ కిందట చూసిన బొమ్మలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆయనకు గుర్తుంది. ఆ ఏడుపు నా ప్రతిలో లేదు, దాన్ని కోసినవాణ్ణి నేనే.

ఆ రాత్రే దిద్దడానికి కూర్చున్నాను. ఎడమ 184, కుడి 0 కోస్తే తమ్ముడు వస్తాడు, అన్న పోతాడు. అంకెలను తారుమారు చేస్తే అన్న వస్తాడు, తమ్ముడు పోతాడు. సినిమాను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు వేరువేరు అంకెలిచ్చి మళ్ళీ అతికించి కూడా చూశాను. ఒక్కరే మాట్లాడే చోట్ల ఆ పద్ధతి చక్కగా కుదిరింది. ఇద్దరూ చెరొక అంచున నిలబడిన చోట మాత్రం ఏ అంకె ఇచ్చినా ఒకరు బయటే ఉండిపోయారు. ఆ ఇద్దరి మధ్య దూరం చూపించడానికే ఆ వెడల్పు ఎంచుకున్నారని అప్పుడు బోధపడింది. చివరకు పక్కలు ఏమాత్రం కోయకుండా, 134 వరుసల్లోనే పూర్తి చిత్రాన్ని చేసి తెల్లవారి నాన్న చేతికి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ప్లేయరును జానెడు దూరానికి తెచ్చుకుని చూశారు. తక్కిన తొమ్మిదింటినీ అలాగే చేసి పెట్టమన్నారు. చిన్నదిగా ఉందని ఒక్కసారీ అనలేదు.

కాబట్టి పక్కలు కోయడాన్ని మునుపు పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. తెర మీద నాకు దక్కినది ఏడు మిల్లీమీటర్ల ఎత్తు, దానికి చెల్లించినది ఆ తమ్ముడు. అయినా బస్సు కోసం చేసుకునే ప్రతులను నేటికీ కోస్తూనే ఉన్నాను. హాస్య చిత్రాల్లోనూ, ముఖాలకే ప్రాధాన్యమిచ్చే ఇటీవలి చిత్రాల్లోనూ 92కు బదులు 50 చొప్పున కోస్తే సన్నివేశం పెద్దగా చెడదని అనుభవం మీద తేలింది. ఇళ్ళూ, గుంపులూ, కొండలూ ఉన్న పాత స్కోప్ చిత్రాలను మాత్రం ఇక ముట్టుకోను. కోసే ముందు చిత్రంలో ఐదారు చోట్ల ఆగి, అంచుల్లో ఎవరైనా ఉన్నారా అని చూడటం అలవాటయింది. దానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంట పెట్టకుండా ఏ చిత్రాన్నీ కోయవద్దని నా మనవి.

ఇప్పటి ఫోన్లున్న వారికి ఈ బాధ ఎందుకని అడగవచ్చు. 20:9 తెర మీద స్కోప్ చిత్రం దాదాపు నిండుగానే కూర్చుంటుంది, నిజమే. అయితే అదే తెర మీద 1950ల నాటి నలుపు తెలుపు చిత్రం వేస్తే వెడల్పులో నూటికి అరవై వంతులే నిండుతుంది. రెండు వేళ్ళతో సాగదీసి తెరంతా నింపితే ఎత్తులో నలభై వంతులు పోతాయి, అంటే ఈసారి తలలూ పాదాలూ. మా అక్క పిల్లలు అలా సాగదీసే చూస్తారు. నేను పక్కన ఉంటే ఆపి, ఒక్కసారి మామూలుగా పెట్టి చూడమంటాను.

ఈ పరికరం తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక కొనమనీ వద్దనీ చెప్పడంలో అర్థం లేదు. చిన్న తెర మీద వెడల్పాటి చిత్రం చూడదలచుకున్న వారు దేన్ని వదులుకోవాలన్నది వారి కళ్ళను బట్టీ, ప్రయాణాన్ని బట్టీ, ఆ చిత్రం మీద వారికున్న మమకారాన్ని బట్టీ ఉంటుంది. నా చూపు మునుపటంత లేదు, వచ్చే ఏడాదికి 134 వరుసలు నాకు బొత్తిగా ఆనకపోవచ్చు. నాన్న కోసం చేసిన పది ప్రతులూ ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. బస్సు ఆగి ఉన్నప్పుడు, గుణుపురం స్టాండులో టీ తాగే పది నిమిషాల్లో, వాటిలో ఏదో ఒకటి పెట్టుకుని చూస్తాను.