కల్వర్ గ్లాసులు కొంటున్నారా? సంతకం చూసి మోసపోకండి

మా ఇంట్లో మందు ముట్టేవాళ్లెవరూ లేరు. అయినా 1950, 60ల నాటి అమెరికన్ బార్ గ్లాసులంటే నాకు పిచ్చి. ఇంటికొచ్చినవాళ్లకి వాటిలో నిమ్మకాయ షర్బత్ పోసిస్తే ఆ కళే వేరు. ఆ పిచ్చే పోయిన నెల నాకు 240 డాలర్లు చేతి చమురు వదిలించింది. ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు చాలామంది ఎస్టేట్ సేల్స్‌లోనూ, ఆన్‌లైన్లోనూ ఇవే వెతుకుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను కొన్నది కల్వర్ వాళ్ల వాలెన్షియా డిజైన్, ఎనిమిది పొడుగు గ్లాసులు. బంగారు జాలీ, మధ్యమధ్యలో ఆకుపచ్చ డైమండ్ గళ్లు. కల్వర్ బ్రూక్లిన్ కంపెనీ. గాజు వేరేవాళ్ల దగ్గర కొని, దాని మీద 22 క్యారెట్ల బంగారంతో అలంకరించేది. ఆన్‌లైన్ ప్రకటనలో "అన్నిటి మీదా సంతకం (అంటే గ్లాసు మీద వేసిన కల్వర్ పేరు) ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు" అని రాశారు. ఫొటోల్లో ధగధగా మెరిసిపోతున్నాయి.

పార్సిల్ విప్పగానే గ్లాసులు చేతికి కాస్త జిడ్డుగా తగిలాయి. అప్పుడే అనుమానం రావాల్సింది, నాకు రాలేదు. వేడినీళ్లతో కడిగి ఆరబెడితే ఐదు గ్లాసుల లోపల తెల్లటి మసక తేలింది. ఏళ్ల తరబడి డిష్‌వాషర్లో పడి గాజు పాడైతే వచ్చే మసక అది, ఎంత తోమినా పోదు. పల్చగా నూనె రాస్తే మాత్రం ఫొటోలో కనపడదు.

అసలు సంగతి బయటపెట్టింది మా అత్తగారు. ఆవిడది బందరు. షర్బత్ తాగుతూ గోటితో ఊరికే అలా గీరారు, బంగారం పొట్టులా లేచొచ్చింది. "ఇదేం బంగారమే! మా చిలకలపూడి నగే నయం, నా పెళ్లికి కొన్నది ఇంకా మెరుస్తోంది" అన్నారు. కొలిమిలో కాల్చి అతికించిన బంగారం గోటికి రాదు. డిష్‌వాషర్ దాన్ని అరగదీస్తుందేగానీ పొట్టు లేపదు. దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది ఒక మూల తుడిచాను. ఆరు గ్లాసులకి దూది పసుపురంగుకి తిరిగింది. అరిగిపోయిన జాలీ మీద ఎవరో కూర్చుని బజారు గోల్డ్ పెయింట్‌తో దిద్దారు. సంతకం కూడా ఆ దూదితోనే పోయింది! మిగతా రెండూ అసలువే, చెక్కు చెదరలేదు. వాటి మీద జాలీ వేలికి గరుకుగా, ఉబ్బెత్తుగా తగులుతుంది. దిద్దినవి నున్నగా ఉన్నాయి.

సంతకం లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. తొలిరోజుల్లో కల్వర్ కాగితం లేబులే అంటించేది, అది నాలుగు కడుగుళ్లకి ఊడిపోయేది. అందుకే ముందు పనితనం చూడాలి, పేరు తర్వాత. ఆనాటి డిజైనర్ జార్జ్ బ్రియార్డ్ సంతకం ఉన్న గ్లాసులకీ ఇదే మాట. (ఆయన అసలు పేరు జషా బ్రోయ్‌డో. పేరే కల్పితమైనప్పుడు సంతకాన్ని నమ్ముకోవడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.) వెండి అంచున్న గుండ్రటి గ్లాసు కనపడితే చాలు "డొరొతీ థోర్ప్" అని ఇంకో డిజైనర్ పేరు తగిలించేస్తున్నారు, రుజువు అడిగితే మాట్లాడరు. అడుగున వంపు తిరిగిన ఎల్ అక్షరం ఉంటే లిబ్బీ అనే గాజు కంపెనీ వాళ్లది, అందులో తప్పేం లేదు, కానీ దానికి కల్వర్ ధర పెట్టకండి.

ధర విషయంలో నేను చేసిన తప్పు, అడుగుతున్న ధరలు చూసి ఇదే రేటు కాబోలు అనుకోవడం. అమ్ముడైన ధరలు విడిగా చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అంచు దగ్గరా, చేత్తో పట్టుకునే చోటా దగ్గరగా ఫొటో అడగండి, దీపానికి ఎదురుగా పెట్టి ఇంకోటి తీయమనండి. పంపడానికి నసిగితే వదిలేయండి. ఆనాటి రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పెదవి తగిలేచోట రంగున్న గ్లాసులు పిల్లలకి నేనైతే ఇవ్వను.

గొడవపడితే ఆరింటికి డబ్బు వెనక్కిచ్చారు, పోస్టేజీ నా నెత్తిన పడింది. ఆ ఆరూ తిప్పి పంపేశాను. మూడు వారాలకి అదే ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి ఆరు గ్లాసులు, సంతకం కొత్తగా దిద్దారు. మూడో గ్లాసు అడుగున గోరంత పెచ్చు నేను పంపినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. ధర మాత్రం ఒక్కో గ్లాసుకి ఐదు డాలర్లు పెరిగింది.