రిపోర్టుకు ముందు రోజు గుణదల కొండ మీద

బుధవారం పొద్దున విజయవాడలో అమ్మ బయాప్సీ రిపోర్టు ఇస్తామన్నారు. గుంటూరు నుంచి ఎంత దూరం? ఆ పొద్దునే బయల్దేరినా సరిపోయేది. అమ్మే ముందు రోజు వెళ్దామంది. "గుణదల కొండెక్కాలని ఉందిరా." మాది లూథరన్ కుటుంబం, అంటే మరియమాతను పూజించని ప్రొటెస్టెంట్లం. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చి నాటిన సంఘం మాదని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. ఆ కొండ మీది మరియమాత గుడికి వెళ్తామంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. నేను అడ్డు చెప్పలేదు. అమ్మకంటే నాకే టెన్షన్ ఎక్కువగా ఉంది మరి.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఫొటోల్లో కృష్ణానది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. గీజరు పనిచేయలేదు గానీ అడగ్గానే కుర్రాడు బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోండి, మేం రెండంతస్తులూ మెట్లెక్కాం. గుణదల కోసమే వచ్చేవాళ్ళయితే ఏలూరు రోడ్డు వైపు గది చూసుకోవడం నయం.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఇక్కడ తిరునాళ్ళు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత కనిపించిందని నమ్మే రోజు 11. ఆ మూడు రోజులూ ముసలివాళ్ళను తీసుకెళ్ళకండి, జనంలో నలిగిపోతారు. మేం వెళ్ళిన మంగళవారం సాయంత్రం మెట్ల మీద పెద్దగా ఎవరూ లేరు. 1924లో ప్రతిష్ఠించిన మాత విగ్రహం కొండ గుహలో ఉంటుంది. బొట్టు పెట్టుకున్నవాళ్ళు కొబ్బరికాయలు కొడుతున్నారు. గుండు చేయించుకున్న పిల్లాడొకడు తల తడుముకుంటూ ఏడుస్తున్నాడు.

అమ్మ కొవ్వొత్తి వెలిగించలేదు. ఓ పక్కన మెట్టు మీద కూర్చుని బైబిల్లోని 34వ కీర్తన చెప్పుకుంది. యెహోవా దగ్గర విచారణ చేస్తే భయాలన్నిటి నుంచి తప్పించాడని అందులో దావీదు అంటాడు.

"విచారణంటే ఏంటమ్మా, ఆఫీసులో ఎంక్వయిరీనా?"

"అలాంటిదేరా. జవాబు వచ్చేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలకపోవడం."

ఆ కీర్తన వెనక కథ నాకిష్టం. సౌలు రాజు చంపుతాడని పారిపోయిన దావీదు శత్రువుల ఊరు గాతులో దొరికిపోయి, అక్కడి రాజుకు భయపడి పిచ్చివాడిలా నటించాడు. తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీద చొంగ కార్చుకున్నాడు. మహాకాయుడు గొల్యాతును కొట్టినవాడే. అంత హడలిపోయిన మనిషి నోట వచ్చింది కాబట్టే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది నాకు. భయమే ఎరగనివాడు చెప్పుంటే వినేవాణ్ణి కాదు.

"నాకు భయంగా ఉందమ్మా," అన్నాను. స్కాను తీసిన రోజు నుంచి నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట.

"నాకు లేదనుకున్నావా? దేవుడికి కూడా ఇలాగే చెప్పు. పద, చీకటి పడుతోంది."

కొండ దిగాక బండి దగ్గర పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి బాగుంది. అమ్మ రెండోది కూడా అడిగింది.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఏసీ చప్పుడు, పక్క మంచం మీద అమ్మ గురక. పెద్ద ప్రార్థనలు నాకు రావు. భయంగా ఉంది ప్రభువా, అని నాలుగైదు సార్లు అనుకున్నాను. వేడినీళ్ళ బకెట్ వచ్చిందని అమ్మ లేపేదాకా మళ్ళీ మెలకువ రాలేదు.