డిస్‌ప్లేలో తొమ్మిది, గేదెకు మాత్రం షాక్ లేదు: నల్లరేగడిలో సోలార్ కంచె

నా సోలార్ కంచె మిషన్ మీద నాకున్న కోపమంతా దాని ముఖాన ఎర్రగా వెలిగే నంబరు మీదే. మిగతా మిషన్‌తో పెద్దగా పేచీ లేదు. తీగలో ఎన్ని వేల వోల్టులున్నాయో చూపించే డిజిటల్ డిస్‌ప్లే అది. దుకాణంలో దాన్నే చూపించి అమ్మారు, అది లేని మోడల్ కంటే రేటు కూడా ఎక్కువే తీసుకున్నారు.

మాది గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే వైపు, పక్కా నల్లరేగడి. ముర్రా గేదెలు, వాటికి కొంత సూపర్ నేపియర్ గడ్డి, మిగతాది గొడ్లు తిరిగి మేసే బీడు. చుట్టూ అందరూ మిరప, పత్తి వేసేవాళ్లే కాబట్టి గొడ్డు గట్టు దాటిందంటే రచ్చే. ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎంత, షాక్ బలం చెప్పే జూల్స్ ఎన్ని అనేవి ఏ దుకాణానికి వెళ్లినా చెబుతారు. కొన్ని ఎండాకాలాలు, కొన్ని వానాకాలాలు దాటాక బయటపడే సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మంచి మాట. ఇది రాకముందు మాకు చుట్టూ ముళ్లతీగే. ఏడాదికి ఒకటో రెండో గేదెలు పొదుగు చీరుకునేవి. చన్ను దగ్గర చీలితే కుట్లు వేయించినా ఆ ఈతకు ఆ చన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే. గాయం మీద ఈగ వాలి పురుగు పడితే ఇంకో బాధ. సోలార్ కంచె పెట్టాక అలాంటి గాయం ఒక్కటీ లేదు. సెకనుకోసారి కొట్టి, కన్నుమూసి తెరిచేలోపే వదిలేస్తుంది కాబట్టి గొడ్డు అదిరిపడుతుందే తప్ప దానికేమీ కాదు. కొత్తలో ప్రతి గేదే ఒకసారి మూతి పెట్టి చూసింది. ఆ తర్వాత తీగ దరిదాపులకు కూడా వెళ్లలేదు. బాగుచేయడానికి మిషన్ ఆపి తీగ కిందికి వదిలేసినా, దాటకుండా అక్కడే నిలబడి చూసేవి. అది చూసే, ముళ్లతీగ ఇక అవసరం లేదని ఊళ్లో నలుగురికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

ఏప్రిల్ ఆఖరులో ఒక సాయంత్రం పక్క చేను బాబాయి ఫోన్ చేశాడు. "అబ్బాయ్, నీ గొడ్లు నా కల్లంలో పడ్డాయి, తొందరగా రా." ఆఖరి కోత మిరపకాయ బరకాల మీద ఆరబోసి ఉంది. మా గేదెలు దాని మధ్య నిలబడి ఉన్నాయి. గిట్టలు పడ్డచోటల్లా కాయ నలిగి గింజలు బయటికొచ్చాయి, ఒక మూల పేడ, ఇంకో మూల తడి. తడిసిన కాయ రంగు పోయి తాలులోకి పోతుంది, మిరప యార్డులో తాలుకాయ రేటేమిటో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. బాబాయి అరిచినా బాగుండేది. "ఆ మిషన్ పెట్టించావు గదా అని నీ వైపు చూడటమే మానేశాను రా" అని మాత్రం అన్నాడు. పాడైన కాయకు డబ్బులిచ్చాను, మొహమాటపడకుండా తీసుకున్నాడు.

గొడ్లను తోలుకొచ్చి చూస్తే మిషన్ టిక్ టిక్‌మని కొట్టుకుంటూనే ఉంది. డిస్‌ప్లేలో 9.2. అంత పెద్ద నంబరు అంతకుముందు అరుదుగా కనిపించేది. ఇటు చూస్తే ఇంకా ఈనని పడ్డ ఒకటి, తీగకు మెడ ఆనించి తీరిగ్గా రుద్దుకుంటోంది. టిక్కుమన్నప్పుడల్లా చెవైనా కదపడం లేదు. చెప్పులు విప్పి నేనే తీగ ముట్టుకున్నాను. చీమ కుట్టినంత కూడా లేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "డిస్‌ప్లేలో ఎంత చూపిస్తోంది సార్?" తొమ్మిది దాటిందన్నాను. "అయితే మిషన్ బ్రహ్మాండంగా ఉంది సార్, మీ గేదెలకే అలవాటైపోయి ఉంటుంది" అన్నారు. గేదెలు తొమ్మిది వేల వోల్టులకు అలవాటుపడతాయట!

సంగతి తేల్చింది బోరు మోటార్లు బాగుచేసే పెద్దాయన. వేరే పని మీద వచ్చినాయన మిషన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఎర్త్ ఎక్కడ పాతారు?" అని అడిగి నేరుగా అక్కడికి నడిచాడు. మిషన్ నుంచి నేలలోకి దించిన ఎర్త్ రాడ్డు చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది, అరచెయ్యి నిలువుగా దూరేంత నెర్రె. రాడ్డు పట్టుకుని ఊపితే ఊగింది. బిందెడు నీళ్లు పోయమన్నాడు. చుక్క పైన నిలవకుండా అన్నీ నెర్రెలోకి జారిపోయాయి. ఇంకో బిందె, ఇంకో బిందె. కాసేపటికి అదే పడ్డ మళ్లీ మెడ రుద్దుకోవడానికి వచ్చి, తీగ తగలగానే ఎగిరి వెనక్కి దూకింది. పెద్దాయన చేతులు కడుక్కుని మోటారు పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

జరిగిందేమిటంటే, మిషన్ నుంచి బయల్దేరిన కరెంటు తీగ మీదుగా గొడ్డు ఒంట్లోకి, కాళ్ల నుంచి నేలలోకి, నేలగుండా ఎర్త్ రాడ్డుకి చేరి, తిరిగి మిషన్‌లోకి రావాలి. నేలలో తేమ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. నల్లరేగడి ఎండాకాలంలో ముడుచుకుపోయి రాడ్డును వదిలేస్తుంది. డిస్‌ప్లే చూపించేది మిషన్ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ మాత్రమే. నేలగుండా దారి తెగిపోతే గొడ్డు తాకినా మిషన్ మీద భారం పడదు కనుక నంబరు దిగదు. కంచె బొత్తిగా పనికిరాని రోజునే డిస్‌ప్లే అందంగా ఉంటుందన్నమాట. దుకాణంవాళ్లు జూల్స్ గురించి చెప్పినంత సేపట్లో పదోవంతు ఎర్త్ గురించి చెప్పి ఉంటే బాబాయి కాయ దక్కేది.

ఇప్పుడు ఆరడుగుల జీఐ (జింకు పూత ఇనప) రాడ్లు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో, చావిడి కడిగిన నీళ్లు పారి నేపియర్ మడిలో కలిసేచోట దించాం. ఏడాది పొడుగునా తడి ఆరని చోటు అదొక్కటే. బోరు స్టార్టర్ ఎర్త్‌కు మాత్రం బాగా ఎడంగా ఉండాలి. దాంతోపాటు కింది నుంచి రెండో తీగను మిషన్ నుంచి విడదీసి ఎర్త్‌కు కలిపాం. గొడ్డు తల దూర్చితే రెండు తీగలూ ఒకేసారి తగులుతాయి, అప్పుడు నేలతో పని ఉండదు. మూతి ఒక్క తీగకే తగిలితే మాత్రం మళ్లీ నేల తడి మీదే ఆధారం.

ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి పద్ధతి ఒకటుంది. మిషన్ ఆపి, ఎర్త్‌కు వంద మీటర్ల అవతల తీగకు ఇనప చువ్వలు ఆనించి నేలలోకి దించాలి. ఆన్ చేస్తే తీగలో వోల్టేజీ రెండు వేలకో, అంతకన్నా కిందికో దిగాలి. దిగకపోతే ఇంకో చువ్వ. అప్పుడు ఎర్త్ రాడ్డుకి, అక్కణ్ణుంచి మీటరు దూరంలో నేలకి మధ్య కంచె వోల్టేజీ కొలిచే టెస్టరు పెడితే 300 వోల్టులు దాటకూడదు. దాటితే రాడ్లు చాలనట్టే. దీన్ని మే నెలలో చూడాలి, వానలు పడ్డాక చూస్తే ఏ ఎర్త్ అయినా పాసవుతుంది.

మిగతావి మామూలు తలనొప్పులే. వానాకాలంలో కింది తీగను గడ్డి, వయ్యారిభామ అందుకుంటే వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు మాత్రం డిస్‌ప్లే నిజంగానే పనికొస్తుంది, నంబరు సగానికి దిగితే కత్తి పట్టుకుని బయల్దేరడమే. తీగకు ఏదైనా తగిలితే మోగే హూటర్ వైరు నేనే పీకేశాను. ఇన్సులేటర్ మీద తొండ పాకినా అర్ధరాత్రి ఊరంతా లేచేది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండాలి, ప్యానెల్ తుడవాలి. చిన్న దూడలు కింది తీగ కిందుగా దూరిపోతాయి, దానికి నా దగ్గర మందు లేదు.

ఇంకొకటి. అడవి పందుల కోసం లైను కరెంటును నేరుగా తీగకిచ్చి మనుషులు చచ్చిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ పనికీ ఈ మిషన్‌కీ పోలికే లేదు, ఖర్చు మిగులుతుందని ఎవరు చెప్పినా వినకండి.

కొనమంటానా అంటే, మీ నేలను బట్టి. కాలవ కింద తడి పొలాలైతే నేను పడ్డ గొడవ మీకు రాకపోవచ్చు. నేను చేలోనే ఉంటాను, పొద్దున్నే కంచె వెంట ఒక చుట్టు తిరుగుతాను. గుంటూరులో కాపురముండి ఆదివారం వచ్చి చూసుకునేవాళ్లకు ముళ్లతీగే నయం. రోడ్డు వైపు నేను కూడా దాన్ని తీయలేదు, తీసినచోట బాబాయి గట్టు మీద మళ్లీ ఒక వరస లాగించాను. ఈ మిషన్ పాడైతే మళ్లీ ఇదే కంపెనీది కొంటాను గానీ డిస్‌ప్లే లేని మోడలే అడుగుతాను. ఆ తేడా డబ్బుతో చేత్తో పట్టుకునే టెస్టరు, ఇంకో రెండు రాడ్లు తెచ్చుకుంటాను.