బ్రూజ్ వెళ్తే ఒక రాత్రి ఉండండి

బెల్జియంలో బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట ప్రయాణమే కదా అని చాలామంది బ్రూజ్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారు. మొదటిసారి నేనూ అలాగే చేశాను. అక్టోబర్‌లో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మాత్రం ఒక రాత్రి ఉన్నాం. ఆ ఊరిని నిజంగా చూసింది అప్పుడే.

ముందు బస సంగతి. మార్కెట్ కూడలి దగ్గర ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. లిఫ్ట్ ఉందని రాశారు. తీరా వెళ్తే నిచ్చెనలా నిటారుగా చెక్క మెట్లు, పట్టుకోవడానికి ఒక తాడు! మోకాళ్ల నొప్పులతో అమ్మ రెండో అంతస్తు ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందే, లిఫ్ట్ మీ గది దాకా వస్తుందా అని రాసి అడగండి. వీధులన్నీ రాళ్లు పరిచినవే. చక్రాల సూట్‌కేసు కన్నా భుజాన వేసుకునే బ్యాగ్ మేలు.

కూడలిలోని గంటల గోపురం ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366. పైకి వెళ్లేకొద్దీ దారి ఇరుకైపోతుంది. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ అదొక్కటే దారి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, నేనొక్కదాన్నే ఎక్కాను. దారిలో గంటల్ని మోగించే పెద్ద లోహపు డ్రమ్ము కనిపిస్తుంది. దాని మీద వరసగా మేకులు, డ్రమ్ము తిరుగుతుంటే అవే గంటల్ని మోగిస్తాయి. కిందికొచ్చేసరికి అమ్మ కళ్లు మూసుకుని గంటల పాట వింటోంది. "నాకు ఇక్కడ్నుంచే హాయిగా వినపడిందే" అంది. మోకాళ్లు సహకరించనివాళ్లు కింద కూర్చుని వినండి, లోటేమీ ఉండదు.

శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట. బెల్జియం ఫ్రైస్‌ని సంప్రదాయంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అని కొనేయకండి, ఏ నూనో అడగండి. హోటల్‌లో మంచినీళ్లకీ బిల్లు వేస్తారు. కాలువల్లో పడవ షికారు అరగంట, పొద్దున్నే వెళ్తే క్యూ తక్కువ.

నాకు బాగా నచ్చింది మిన్నెవాటర్ సరస్సు, దాని పక్కన హంసలు. వాటికో కథ ఉంది. 1488లో బ్రూజ్ జనం తిరగబడి, అప్పట్లో తమని ఏలుతున్న ఆస్ట్రియా మాక్సిమిలియన్‌ని బంధించారు. ఆయన మనిషి పీటర్ లాంఖల్స్‌కి మరణశిక్ష వేశారు. ఇంతవరకూ చరిత్ర. ఆ ఇంటిపేరు వింటే అక్కడివాళ్లకి 'పొడుగు మెడ' అన్న మాట స్ఫురిస్తుంది. అందుకే, విడుదలయ్యాక మాక్సిమిలియన్ పగతో "ఇక కలకాలం పొడుగు మెడల పక్షుల్ని మీ కాలువల్లో మీరే పోషించండి" అని ఊరికి ఆజ్ఞ వేశాడని కథ. అమ్మ అంతా విని, "మన హంస దమయంతి దగ్గరికి ప్రేమ రాయబారం మోసుకెళ్లింది, ఇక్కడేమో పాపం చావు కబురు మోస్తోంది" అంది. అప్పుడే ఒక హంస గడ్డి మీదికొచ్చి, మెడ వెనక్కి తిప్పి రెక్కల్లో ముక్కు దాచుకుంది. ఎంతసేపు చూశామో తెలియదు.

సాయంత్రం ఆరు దాటాక బస్సుల జనం వెళ్లిపోయారు. రోజెన్‌హూడ్‌కాయ్ అనే కాలువ మలుపులో దీపాలు నీళ్లలో కదులుతున్నాయి. పగలు ఫొటో తీయడానికి కాలు పెట్టే చోటు లేని మూల అది. అక్కడ గోడకి ఆనుకుని ఇద్దరం గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. మెట్ల బాధంతా ఆ గంటలో పోయింది.

మర్నాడు పొద్దున్నే బెగైన్‌హాఫ్‌కి వెళ్లాం. 1245లో భక్తురాళ్ల కోసం ఏర్పడిన చోటు. తెల్లటి ఇళ్లు, మధ్యలో పొడవాటి చెట్లు. ఇప్పుడు సన్యాసినులు ఉంటారు కాబట్టి మెల్లగా మాట్లాడాలి. టికెట్ లేదు. తర్వాత అవర్ లేడీ చర్చి. మైకెలాంజెలో చెక్కిన మేరీమాత, బాల ఏసుల పాలరాతి విగ్రహం అక్కడే ఉంది, ఆ భాగానికి టికెట్ కొనాలి. తల్లి ఒడిలోంచి జారి ఒక అడుగు ముందుకు వేయబోతున్న పిల్లాడు, వాడి చేయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది.

లాంఖల్స్ సమాధి కూడా ఈ చర్చిలోనే ఉందని చెప్పగానే, "హంసల ఆయనా?" అని అడిగి అటు నడిచింది.